ఆ ఫోటోలు చూడాలా, మానుకోవాలా?

ప్రశ్న: నేను ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. చాలాకాలంగా నా ఫోన్‌లో రోజూ గాజా పిల్లల ఫోటోలు కనిపిస్తున్నాయి. మొదట్లో ఏడుపు వచ్చేది, అన్నం సహించేది కాదు. ఇప్పుడు వాటిని వేలితో పైకి తోసేసి, కింద ఉన్న వంటల వీడియో చూస్తున్నాను. అది తలచుకుంటే నా మీద నాకే భయం వేస్తోంది. ఈ మధ్య ఒక ఫోటోను మా కుటుంబ గ్రూపులో పెట్టాను. మా మరిది "చనిపోయిన పిల్లల ఫోటోలు పెట్టడం ఏం పద్ధతి వదినా" అన్నాడు. మా ఆడపడుచు "అవన్నీ కంప్యూటర్‌లో తయారుచేసినవి" అంది. తర్వాత మరిది ఒక మెసేజ్ పంపాడు. ఆఫ్రికాలో ఆకలితో కూలబడిన పాపనూ, వెనక కాచుకుని ఉన్న రాబందునూ ఫోటో తీసి పెద్ద అవార్డు అందుకున్న ఫోటోగ్రాఫర్, ఆ పాపను అక్కడే వదిలేశానన్న పశ్చాత్తాపంతో ఆత్మహత్య చేసుకున్నాడని అందులో ఉంది. ఇలాంటి ఫోటోల వల్ల అక్కడివాళ్లకు నిజంగా మేలు జరుగుతుందా? చూడడం మానేయనా? తరగతిలో పిల్లలకు చూపించవచ్చా?
— ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

జవాబు: చూడడం మానేయవద్దు. అయితే ఇప్పుడు చూస్తున్న తీరులో చూడడం మాత్రం మానేయమనే చెబుతాను. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావని చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

మేలు జరుగుతుందా అన్న మీ ప్రశ్నకు మన దేశంలోనే ఒక గట్టి సాక్ష్యం ఉంది. 1943లో బెంగాల్‌లో జనం తిండి లేక చనిపోతున్నప్పుడు, యుద్ధకాలపు నిబంధనల వల్ల పత్రికలు ఆ సంగతిని సూటిగా రాయలేకపోయాయి. ప్రభుత్వం దాన్ని క్షామంగా ప్రకటించనే లేదు. ప్రకటిస్తే క్షామ నియమావళి ప్రకారం సహాయ చర్యలన్నీ చేపట్టవలసి వచ్చేది. కలకత్తా పేవ్‌మెంట్ల మీద పడి ఉన్నవారిని అధికారులు దిక్కులేనివారుగా లెక్క రాసుకునేవారు, అంతే. బ్రిటిష్ వారి యాజమాన్యంలోనే నడుస్తున్న స్టేట్స్‌మన్ పత్రికకు అప్పటి సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్. ఆ నిబంధనలు రాతను కట్టడి చేశాయి గానీ ఫోటోల ప్రస్తావన వాటిలో లేదని ఆయన గమనించి, ఫోటోగ్రాఫర్లను వీధుల్లోకి పంపారు. 1943 ఆగస్టు 22, ఆదివారం నాటి పత్రికలో ఆ ఫోటోలు అచ్చయ్యాయి. ఎముకల గూళ్లలాంటి తల్లులు, ఒళ్లో కదలలేని పిల్లలు, నగరపు నడిబొడ్డున పడి ఉన్న మనుషులు వాటిలో ఉన్నారు. ఆ ప్రతులు ఢిల్లీలో చేతులు మారాయి, సముద్రాలు దాటాయి. మరుసటి వారం పత్రిక మరికొన్ని వేసింది. అప్పటిదాకా పుకారుగా కొట్టిపారేయగలిగిన విషయాన్ని ఆ తర్వాత ఎవరూ కాదనలేకపోయారు. అక్టోబరులో కొత్త వైస్రాయిగా వచ్చిన వేవెల్ వెంటనే కలకత్తా వెళ్లి చూసి, ఆహార పంపిణీకి సైన్యాన్ని దించారు. ఇదంతా ఫోటోల వల్లనే జరిగిందని నేను అనను. ఫోటోలు రాకపోయి ఉంటే అబద్ధం ఇంకా ఎక్కువ కాలం నిలిచేదని మాత్రం నమ్మకంగా చెప్పగలను.

ఇక రెండో పక్క కూడా చెప్పాలి. ఆ ఫోటోలు వచ్చిన తర్వాత కూడా నెలల తరబడి జనం ఆకలితోనూ, వెంట వచ్చిన మలేరియా, కలరాలతోనూ చనిపోతూనే ఉన్నారు. మొత్తం మరణాలు దాదాపు 30 లక్షలని అంచనా. పైగా, ఫోటోల్లో కనిపించినది కలకత్తా. కరువు పుట్టినది పల్లెల్లో. జపాన్ 1942లో బర్మాను ఆక్రమించడంతో అక్కడి నుంచి బియ్యం రావడం ఆగిపోయింది. శత్రువు చేతికి చిక్కకూడదని ప్రభుత్వమే తీర ప్రాంతపు జిల్లాల నుంచి ధాన్యాన్ని తరలించి, పల్లెవాసుల పడవలను లాక్కుంది, పాడుచేసింది. అదే ఏడాది అక్టోబరులో మిడ్నపూర్‌ను తుపాను ముంచెత్తింది. బియ్యం ధర కూలివాడికి అందనంత ఎత్తుకు పోయింది. ధర పెరగడాన్ని ఎవరు ఫోటో తీయగలరు? లాక్కుపోయిన పడవ లేని ఏటిగట్టును ఫోటో తీస్తే అది అందమైన ఏటిగట్టులాగే ఉంటుంది. అందుకే ఆ రోజుల్లో చిత్తప్రసాద్ అనే చిత్రకారుడూ, సునీల్ జానా అనే యువ ఫోటోగ్రాఫరూ నగరాన్ని విడిచి పల్లెలకు వెళ్లారు. చిత్తప్రసాద్ కాలినడకన మిడ్నపూర్ ఊళ్లు తిరుగుతూ బొమ్మలు గీశారు, చూసినది రాశారు. ఆ బొమ్మలతో వచ్చిన చిన్న పుస్తకం ప్రతులను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. రాత తోడైన బొమ్మ అంటే ప్రభుత్వాలకు ఎంత భయమో దీన్ని బట్టి తెలుస్తుంది.

వార్తా ఫోటోను నేను ఎఫ్ఐఆర్ లాంటిదిగా భావిస్తాను. ఫలానా చోట, ఫలానా రోజున, ఫలానా మనిషికి అన్యాయం జరిగిందని అది నమోదు చేస్తుంది. ఎఫ్ఐఆర్ లేకపోతే కేసే లేదు. కానీ ఎఫ్ఐఆర్ చదివి నేరం ఎవరిదో తేల్చేస్తే తప్పు మనదే అవుతుంది.

మీ మరిది గారు పంపిన మెసేజ్‌లో జరిగినది సరిగ్గా ఆ తప్పే. ఆ ఫోటో 1993 మార్చిలో దక్షిణ సూడాన్‌లోని అయోద్ అనే ఊళ్లో దక్షిణాఫ్రికా ఫోటోగ్రాఫర్ కెవిన్ కార్టర్ తీసినది. బిడ్డ పడి ఉన్నది నిర్జనారణ్యంలో కాదు, ఐక్యరాజ్యసమితి ఆహార కేంద్రానికి దగ్గరలో. పరీక్షగా చూస్తే ఆ బిడ్డ చేతికి సహాయ కేంద్రం వారు కట్టే ప్లాస్టిక్ పట్టీ కనిపిస్తుంది. ఫోటో తీశాక పక్షిని తరిమేశానని కార్టర్ చెప్పారు. న్యూయార్క్ టైమ్స్‌లో ఫోటో వచ్చాక బిడ్డ ఏమైందని పాఠకులు అడగడంతో, కొద్ది రోజులకే ఆ పత్రిక ప్రత్యేకంగా వివరణ వేయవలసి వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత, 2011లో, ఒక స్పెయిన్ పత్రిక ఆ ఊరికి వెళ్లి విచారించి, ఆ బిడ్డ మగపిల్లవాడనీ, ఆ కరువు నుంచి బతికి బయటపడ్డాడనీ రాసింది. కార్టర్ 1994 జులైలో ఆత్మహత్య చేసుకున్న మాట నిజమే. దాని వెనక ఆయన దక్షిణాఫ్రికాలో ఏళ్లతరబడి కళ్లారా చూసిన హత్యలున్నాయి, అప్పులున్నాయి, మూడు నెలల ముందే తుపాకీ కాల్పుల్లో చనిపోయిన ఆప్తమిత్రుడి దుఃఖం ఉంది. ఒక మనిషి చావును నీతికథగా మార్చి పంచడం మంచిది కాదని మరిది గారికి నెమ్మదిగా చెప్పండి.

నన్ను ఎక్కువగా బాధించేది మాత్రం ఇంకొకటి. ఆ ఫోటో చూసిన ప్రపంచం ఇద్దరిని నిందించింది. ఒకటి రాబందు, రెండోది ఫోటోగ్రాఫర్. అయోద్, కొంగోర్, వాత్ అనే మూడు ఊళ్ల మధ్య ప్రాంతానికి ఆ రోజుల్లో ఆకలి త్రిభుజం అని సహాయ సిబ్బంది పేరు పెట్టారు. అక్కడ తిండి లేకపోవడానికి కారణం తిరుగుబాటు సైన్యం 1991లో రెండుగా చీలి, ఆ చీలికవర్గాలు ఒకరి ఊళ్ల మీద ఒకరు పడి పశువులను తోలుకుపోవడం, ఇళ్లు తగలబెట్టడం. దానికి తోడు ఏళ్లతరబడి సాగుతున్న ప్రభుత్వ యుద్ధం. ఆ నాయకులెవరూ ఫ్రేములో లేరు. వారిని ఎవరూ పేరు పెట్టి తిట్టలేదు. పక్షి కనిపించింది కాబట్టి పక్షి దోషి అయింది. దూరాన జరిగే కష్టాన్ని ఫోటో ద్వారా తెలుసుకోవడంలో ఉన్న పెద్ద ప్రమాదం ఇదేనని నా అభిప్రాయం. కంటికి కనిపించిన వాటిలోంచే నిందితుణ్ణి వెతుక్కుంటాం, అసలువాడు ఎప్పుడూ కెమెరాకు అందనంత దూరంలో ఉంటాడు.

భోపాల్ విషయంలో కూడా అంతే. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు వెలువడింది. ఆ తర్వాతి రోజుల్లో ఒక పసిబిడ్డను పూడ్చిపెడుతుండగా రఘు రాయ్, పాబ్లో బార్థలోమ్యూ అనే ఫోటోగ్రాఫర్లు ఇద్దరూ అక్కడే ఉన్నారు. రఘు రాయ్ తీసినది నలుపు తెలుపులో, పాబ్లోది రంగుల్లో. మట్టిలోంచి ముఖం ఒక్కటే పైకి కనిపిస్తుంది. కళ్లు తెరిచే ఉన్నాయి, వాటి మీద పొర కమ్మినట్టుగా తెల్లగా ఉంది. పెద్దమనిషి చేయి ఒకటి మట్టిని సర్దుతోందో, చివరిసారి తుడుస్తోందో తెలియకుండా ఆ నుదురు దగ్గర ఆగి ఉంది. ఆ చేయి ఎవరిదో, ఆ బిడ్డ ఎవరో తర్వాత ఎవరూ తేల్చలేకపోయారు. పాబ్లో తీసిన ఫోటోకు ఆ ఏటి వరల్డ్ ప్రెస్ ఫోటో పురస్కారం వచ్చింది. భోపాల్ అనగానే ప్రపంచం మనసులో మెదిలేది ఈనాటికీ ఆ ముఖమే. కానీ ఆ వాయువుకు మూలమైన రసాయనాన్ని చల్లగా ఉంచవలసిన శీతలీకరణ యంత్రాన్ని అప్పటికి నెలల ముందే ఆపేశారన్న సంగతి ఆ ఫోటోలో లేదు. 1989లో 47 కోట్ల డాలర్లకు కుదిరిన రాజీ అందులో లేదు. కర్మాగారంలో మిగిలిన విషవ్యర్థాల్లో 337 టన్నులను అక్కడి నుంచి కదిలించడానికి 2025 జనవరి దాకా పట్టిందన్నది అందులో ఉండే అవకాశమే లేదు. ఆ రాత్రిని ఫోటో పట్టుకుంది. ఆ తర్వాతి నలభై ఏళ్లను పట్టుకోవడానికి బాధితులే బ్యానర్లు పట్టుకుని రోడ్డెక్కవలసి వచ్చింది. రఘు రాయ్ చాలా ఏళ్ల తర్వాత మళ్లీ భోపాల్ వెళ్లి, బతికి ఉన్నవారిని ఫోటోలు తీశారు. వాటిని చూసినవారు తక్కువ. మీకు వీలైతే వెతికి చూడండి.

ఇప్పుడు మీ మొద్దుబారిన మనసు సంగతి. మీరు రాయిగా మారలేదు. 2015 సెప్టెంబరు 2న టర్కీ తీరంలో బోర్లా పడి ఉన్న సిరియా పసివాడి ఫోటో గుర్తుండే ఉంటుంది. ఆ ఫోటో వచ్చిన వారంలో సిరియా శరణార్థుల కోసం స్వీడన్ రెడ్‌క్రాస్‌కు వచ్చే విరాళాలు ఎన్నో రెట్లు పెరిగాయి. వాటిని పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్తలు, సుమారు ఆరు వారాలకల్లా ఆ పెరుగుదల చాలావరకు తగ్గిపోయిందని గుర్తించారు. అప్పటికి లక్షల్లో మనుషులు చనిపోయారన్న లెక్కలు ఏళ్లుగా పత్రికల్లో వస్తూనే ఉన్నాయి, వాటికి ఎవరూ అంతగా కదలలేదు. ఒక్క పసివాడికి కదిలారు, మళ్లీ ఆగిపోయారు. మనిషి మనసు నడిచే తీరు అది. ఒకరి బాధకు అది కరుగుతుంది, వేలమంది బాధ ముందు చేష్టలుడిగి నిలబడుతుంది. అలాంటి మనసు ముందుకు ఫోన్ రోజుకు వంద ముఖాలను, వాటి మధ్య వంటలనూ వ్యాపార ప్రకటనలనూ తెచ్చి పడేస్తే అది మూసుకోక ఏం చేస్తుంది?

కాబట్టి ఇలా చేయండి. ఫోన్‌లో వాటంతటవే వచ్చిపడే వీడియోలను, ఫోటోలను ఆపేయండి. ఆ సెట్టింగులు మీ పిల్లలకు తెలిసే ఉంటాయి. రోజుకు ఒకసారి, మీరు ఎంచుకున్న సమయంలో, ఒక నమ్మకమైన పత్రికలో గానీ వార్తాసంస్థ పేజీలో గానీ ఒకటో రెండో ఫోటోలను శీర్షికతో సహా చూడండి. ఫోటో కింద రాసే ఆ రెండు వాక్యాలను మనం చదవకుండా వదిలేస్తాం గానీ, రాయిటర్స్, ఏపీ, ఏఎఫ్‌పీ వంటి సంస్థల్లో వాటిని ఎంతో జాగ్రత్తగా రాస్తారు. ఫ్రేములో ఉన్నది ఎవరు, ఏం జరుగుతోంది, ఏ ఊరు, ఏ తేదీ, తీసినది ఎవరు అన్నవన్నీ అందులో ఉండాలి. వాట్సాప్‌లోకి చేరేసరికి ఊడిపోయేది సరిగ్గా అదే. ఫోటో చూసిన తర్వాత అదే సంగతి మీద ఒక వ్యాసం చదవండి. చదివే ఓపిక లేని రోజున ఫోటో కూడా చూడవద్దు. నెలకు ఇంతని, మీకు బరువు కానంత చిన్న మొత్తం పక్కన పెట్టండి. యూనిసెఫ్ వంటి సంస్థలు మన దేశంలోనూ విరాళాలు తీసుకుంటాయి. ఏ ప్రాంతం కోసం అడుగుతున్నారో చదివి ఇవ్వండి. ఆరు వారాలకు ఆరిపోయే కన్నీళ్ల కంటే ఆరేళ్లు సాగే రెండు వందల రూపాయలు అక్కడివారికి ఎక్కువ పనికొస్తాయి.

కుటుంబ గ్రూపులో ఫోటో పెట్టడం గురించి మీ మరిది గారి అభ్యంతరంలో సగం న్యాయం ఉంది. ధాత నామ సంవత్సరపు కరువులో, అంటే 1876 నుంచి 1878 వరకు, కడప, కర్నూలు, బళ్ళారి, నెల్లూరు జిల్లాలతో సహా మద్రాసు ప్రెసిడెన్సీ మాడిపోతున్నప్పుడు, విలోబీ హూపర్ అనే సైనికాధికారి ఆకలితో ఉన్నవారిని వరుసగా కూర్చోబెట్టి, నిలబెట్టి ఫోటోలు తీశాడు. అవి ఇంగ్లండుకు చేరాయి. అక్కడ కరువు సహాయ నిధులకు చందాలు వచ్చిన మాట నిజమే. కానీ ఆ ఫోటోల్లోని ఒక్కరి పేరూ ఎక్కడా లేదు, ఫోటో తీయించుకోవడానికి వారు ఒప్పుకున్నారో లేదో తెలియదు, ఆ తర్వాత వారికి ఒక్క ముద్ద పెట్టారో లేదో కూడా ఆ ఫోటోలు చెప్పవు. వారు మన ప్రాంతపు మనుషులు. లండన్‌లో కాఫీ తాగుతూ వారిని చూసినవారి స్థానంలో ఈరోజు మనం ఉన్నాం. వారికి దక్కవలసిన మర్యాద ఏమిటని మీకు అనిపిస్తోందో, దాన్నే గాజా బిడ్డకూ, సూడాన్ తల్లికీ ఇవ్వండి. చనిపోయిన పిల్లల ముఖాలు తెలిసే ఫోటోలను గ్రూపుల్లో పెట్టవద్దు. పెట్టాలనుకుంటే శీర్షికతో, తీసినవారి పేరుతో, పత్రిక లింకుతో పెట్టండి.

ముఖం చూపకుండానే అంతా చెప్పగల ఫోటోలు ఉంటాయి. 2023 అక్టోబరు 17న ఖాన్ యూనిస్‌లోని నాసర్ ఆసుపత్రిలో రాయిటర్స్ ఫోటోగ్రాఫర్ మొహమ్మద్ సలేం తీసిన ఫోటో అలాంటిది. నీలం రంగు దుస్తుల్లో ఉన్న ఒక స్త్రీ, తెల్లని గుడ్డలో చుట్టిన మేనకోడలి చిన్న దేహాన్ని ఒడిలోకి లాక్కుని, తల వంచి ముఖం దాచుకుంది. ఆమె ముఖమూ కనబడదు, బిడ్డ ముఖమూ కనబడదు. 2024లో వరల్డ్ ప్రెస్ ఫోటో పురస్కారం దానికే వచ్చింది. మీ ఆడపడుచు అనుమానానికి కూడా ఇలాంటి ఫోటోయే జవాబు. తీసిన మనిషి పేరుంది, చోటుంది, తేదీ ఉంది, బాధ్యత వహించే సంస్థ ఉంది. కంప్యూటర్ బొమ్మలు నిజంగానే తిరుగుతున్నాయి కాబట్టి ఆమె అనుమానాన్ని తోసిపుచ్చకండి. ఊరూ పేరూ లేని ఫోటో వస్తే గూగుల్ లెన్స్‌లో వేసి మొదట ఎక్కడ, ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ కలిసి చూడండి. గాజాలోకి విదేశీ విలేకరులను 2023 అక్టోబరు నుంచి ఇజ్రాయెల్ స్వతంత్రంగా వెళ్లనివ్వలేదు. మనం చూసిన ఫోటోల్లో దాదాపు అన్నీ అక్కడే పుట్టి పెరిగిన పాలస్తీనా ఫోటోగ్రాఫర్లు తీసినవి. వారిలో ఎందరో ఆ పని చేస్తూనే ప్రాణాలు కోల్పోయారు. వారి పనిని చూడకుండానే అబద్ధమని తీసిపారేయడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

ఒక్క సంగతి మీరు అడగలేదు గానీ నేను చెప్పకుండా ఉండలేను. మీ ఉత్తరంలో గాజా ఉంది, నేటి సూడాన్ లేదు. అక్కడ 2023 ఏప్రిల్‌లో సైన్యానికీ, ఆర్‌ఎస్ఎఫ్ అనే సాయుధ దళానికీ మధ్య మొదలైన యుద్ధం వల్ల కోటిమందికి పైగా ఇళ్లు వదిలి పారిపోయారు. 2024 ఆగస్టులో డార్ఫుర్‌లోని జంజం శిబిరంలో క్షామం ఉందని నిపుణులు నిర్ధారించారు. అయినా అక్కడి నుంచి మనదాకా వచ్చిన ఫోటోలు అతి తక్కువ. కెమెరా పట్టుకున్నవాడు అక్కడికి చేరలేడు, చేరినా ఇంటర్నెట్ ఉండదు. 2025 అక్టోబరులో ఎల్ ఫాషర్ నగరం ఆర్‌ఎస్ఎఫ్ చేతికి చిక్కినప్పుడు, లోపల జరిగిన హత్యాకాండను పరిశోధకులు ఉపగ్రహ చిత్రాల్లో నేల మీది మరకలను బట్టి ఊహించవలసి వచ్చింది. మన జాలి ఎక్కడికి వెళ్లాలో చాలావరకు కెమెరా వెళ్లగలిగిన దారే నిర్ణయిస్తోంది. అందుకని వారానికి ఒకసారైనా ఫోటో లేని వార్తను ఒకటి వెతుక్కుని చదవమని నా మనవి.

తరగతిలో చూపించవచ్చు, తొమ్మిది, పది తరగతులకు మాత్రమే. శవాల ఫోటోలు వద్దు. సలేం ఫోటోతోనో, స్టేట్స్‌మన్ వేసిన వాటిలో మీకు తగినదనిపించిన ఒకదానితోనో మొదలుపెట్టండి. శీర్షికను కప్పి, మొదట కనిపిస్తున్నవి మాత్రమే చెప్పమనండి. ఊహించినవి కాకుండా చూసినవే చెప్పడం పిల్లలకు ఎంత కష్టమో మీకే తెలుస్తుంది. తర్వాత శీర్షిక చదివించండి. ఆ తర్వాత ఈ ఫ్రేములో లేనివి ఏమిటని అడగండి: దీనికి కారకులు ఎవరు, నిన్న ఇక్కడ ఏముంది, రేపు ఈమె ఎక్కడికి వెళ్తుంది? బెంగాల్ పాఠమైతే బర్మా, పడవలు, బియ్యం ధర అన్నీ ఆ ప్రశ్నల్లోంచే బయటికి వస్తాయి. ముందురోజే పిల్లలకు విషయం చెప్పి, చూడలేమన్నవారికి గ్రంథాలయంలో కూర్చునే వీలు కల్పించండి. ఇటీవల ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారేమో క్లాస్ టీచరును అడిగి తెలుసుకోండి. ఉంటే ఆ పాఠాన్ని కొన్ని వారాలు వాయిదా వేసినా నష్టం లేదు.